ముప్పై అయిదు వేల కారు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రోజుల్లో మోటారు కార్లు లేవు గనక సరిపోయింది. ఉండి ఉంటే “పాత కారు బాగుచేసి చూడు” అని మూడోది కూడా తప్పకుండా చేర్చి ఉండేవారు. మొదటి రెండింటి అనుభవం నాకు లేదు, ఇప్పట్లో కలిగే సూచనలూ కనబడటం లేదు. మూడోది మాత్రం ఇరవై నెలలపాటు క్షుణ్ణంగా అనుభవించాను. అంచేత మన విద్యార్థి సంఘం వారు “సావనీర్‌కి ఏదైనా రాసివ్వవోయ్” అనగానే, కవిత్వం చేతగాని వాణ్ణి కాబట్టి, ఈ విషయం రాయడానికి సాహసిస్తున్నాను. ఇది చదివి ఒక్కరైనా పాత బండి కొనే ముందు ఒక్క క్షణం ఆగితే, కొన్నాక బ్రేకుల దగ్గర రెండు క్షణాలు ఆగితే, నా శ్రమ ఫలించినట్టే.

ముందుగా, ఎందుకు కొన్నానో చెప్పాలి. మా తాతయ్య ముప్పై ఏళ్ళు లారీ తోలినవాడు. 2022లో పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ఎముక అతుక్కుంది. కానీ ఆ కాలు మాత్రం మళ్ళీ వంగలేదు. ఆటోలో కూర్చోలేడు. ఒకసారి తెలిసినవాళ్ళ కారులో నలుగురం కలిసి ఎక్కించబోతే, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి వీధంతా వినబడేటట్టు కేక పెట్టాడు. అంబులెన్సు మాట్లాడతానన్నాడు నాన్న. “పడుకోబెట్టి తీసుకుపోయే బండి ఇప్పుడే వద్దురా, దాని రోజు దానికుంది” అన్నాడు తాతయ్య. అన్నవరం దాటాక లోపలికి మా ఊరు. అక్కడ ఆయన చేత్తో వేసిన జీడిమామిడి తోట ఉంది. కాకినాడలో మా అరుగు మీద మంచంలో పడుకుని దాని గురించే అడుగుతుండేవాడు.

అట్లాంటి సమయంలో, 2023 వేసవి సెలవుల్లో, పిఠాపురం దగ్గర ఒక పశువుల పాకలో అంబాసిడర్ ఎస్టేటు ఒకటి ఉందని విన్నాను. ఎస్టేటు అంటే మామూలు అంబాసిడరే. కాకపోతే వెనక డిక్కీ విడిగా ఉండదు. పైకప్పు చివరిదాకా పోతుంది, వెనక ఒక తలుపుంటుంది. వెనక సీటు మడిస్తే చదునుగా చాపలాగా జాగా వస్తుంది. అమెరికావాళ్ళు స్టేషన్ వాగన్ అంటారు. నాకు మాత్రం అది నాలుగు చక్రాల మీద మంచంలా కనబడింది.

చవకబేరం ఎందుకు చవక?

అంబాసిడర్ కథ అందరికీ తెలిసిందే. ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ని తెచ్చుకుని, హిందుస్తాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1950ల చివర తయారు చేయడం మొదలుపెట్టారు. 2014 మే నెలలో ఆ కర్మాగారంలో పని ఆగిపోయింది. అంటే అర్ధశతాబ్దానికి పైగా ఇంచుమించు ఒకే ఆకారం. నాకు దొరికింది 1984 నాటి మార్క్ 4, పెట్రోలుది. మూడక్షరాల పాత నంబరు. యజమాని యాభై వేలన్నాడు.

నేను ఒక స్క్రూడ్రైవరు, ఒక అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్ళాను. పాత కారు చూడ్డానికి వెళ్ళేవాడికి ఈ రెండూ చాలు. ఎందుకో చెబుతాను. లారీకి కింద ఛాసిస్ అని రెండు ఇనుప దూలాలుంటాయి, బాడీ వాటి మీద కూర్చుంటుంది. బాడీ పాడైతే తీసి ఇంకోటి కట్టించుకోవచ్చు. అంబాసిడర్‌కి అట్లా విడిగా దూలాలు లేవు. రేకులన్నీ కలిపి వెల్డింగు చేసిన పెట్టే దాని బలం. పీతకి లోపల ఎముకలుండవు చూడండి, పెంకే దానికి వెన్నెముక. ఇదీ అంతే. కాబట్టి తుప్పు అనేది అందానికి సంబంధించిన సంగతి కాదు, బలానికి సంబంధించిన సంగతి.

తుప్పు పట్టిన చోట కొందరు లప్పం పెట్టి పైన రంగేస్తారు. కంటికి రేకులాగే ఉంటుంది. అయస్కాంతానికి గుడ్డ చుట్టి ఆనించి చూస్తే, రేకుకి అంటుకుంటుంది, లప్పానికి అంటుకోదు. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడుగ్గా పోయే పెట్టె భాగాన్ని సిల్లు అంటారు. అదీ, కాళ్ళ దగ్గర పరిచిన పట్టా కింది నేలా, వెనక కమాన్ల కొక్కేలు బిగించిన చోటూ, ఈ మూడు ముఖ్యం. నా బండిలో ఎడమవైపు సిల్లుకి అయస్కాంతం అంటుకోలేదు. స్క్రూడ్రైవరుతో నొక్కితే అప్పచ్చిలోకి దిగినట్టు దిగింది. డ్రైవరు కాళ్ళ కింద రెండు కన్నాలు, అందులోంచి పాకలో మేస్తున్న కోడి కనబడింది. కమాన్ల కొక్కేలు మాత్రం గట్టిగా ఉన్నాయి. అవి కూడా పోయుంటే దణ్ణం పెట్టి వచ్చేసేవాణ్ణి. కన్నాలు చూపించి బేరమాడితే ముప్పై అయిదు వేలకి తెగింది.

డబ్బు మాట కూడా చెప్పేస్తాను. ఆ ముప్పై అయిదు వేలూ నా మోటారు సైకిలు అమ్మగా వచ్చినవి. తరవాత అయిన ఖర్చుకి రెండేళ్ళు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పాను, అమ్మ చీటీ పాడింది. కారుని తాళ్ళు కట్టి ట్రాక్టరు ట్రాలీ మీద మా వాకిట్లోకి తెచ్చిన రోజున నాన్న దాని చుట్టూ ఒక్క ప్రదక్షిణం చేసి, ఏమీ అనకుండా లోపలికి పోయాడు. తిట్టినా బాగుండేది. తాతయ్య మాత్రం మంచం మీంచి తల తిప్పి చూసి, “హ్యాండిలు తిరుగుతోందా?” అని అడిగాడు. ఆయనకోసం కొన్నానని నేను చెప్పలేదు. పని చెయ్యకపోతే ఆయన్ని ఆశ పెట్టినట్టవుతుందని భయం.

ఇంజను: నాలుగు గదుల ఇల్లు

ఏళ్ళ తరబడి నిలబడిపోయిన ఇంజన్ని బ్యాటరీ తగిలించి తాళం తిప్పడం మహాపాపం. లోపల పిస్టన్ రింగులు గోడలకు తుప్పుతో అంటుకుని ఉండవచ్చు. ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో కన్నంలో రెండేసి చెంచాల ఇంజను ఆయిలు పోసి, రెండు రోజులు నానబెట్టాలి. తరవాత ముందు నుంచి హ్యాండిలు పెట్టి చేత్తో నెమ్మదిగా తిప్పాలి. నాది మూడో రోజు తిరిగింది. పాత ఆయిలు దించి, కొత్తది పోశాను. అప్పుడుగాని బ్యాటరీ పెట్టలేదు.

సెల్ఫు కొట్టేసరికి ఇంజను తిరిగింది గాని, ఆ తిరగడం ఒక పద్ధతిలో లేదు. రెండు దెబ్బలు బరువుగా, రెండు దెబ్బలు తేలిగ్గా. అరుగు మీంచి తాతయ్య “పక్కపక్క గదులు రెండు ఒకదాన్లోకి ఒకటి ఊదుకుంటున్నాయిరా. హెడ్డు గాస్కెట్టు పోయింది” అన్నాడు. నేను లోపల నవ్వుకున్నాను. కాలేజీ వర్క్‌షాపులో మాస్టారి అనుమతి తీసుకుని కంప్రెషన్ గేజి తెచ్చి కొలిచాను. మొదటి రెండు సిలిండర్లూ 118, 115 పౌండ్లు. మూడు, నాలుగు రెండూ 60 దగ్గర ఆగిపోయాయి. తక్కువ వచ్చిన సిలిండర్లో ఒక చెంచా ఆయిలు పోసి మళ్ళీ కొలవాలి. అంకె పెరిగితే జబ్బు రింగులది, ఎందుకంటే ఆయిలు రింగుల సందుల్ని కాసేపు మూస్తుంది. పెరగకపోతే జబ్బు పైన ఉంది, వాల్వులదో గాస్కెట్టుదో. నాకు పెరగలేదు. అదీగాక పక్కపక్క సిలిండర్లు రెండూ సమానంగా తక్కువుంటే, వాటి మధ్య గాస్కెట్టు కాలిపోయి దారి పడిందని అర్థం. గేజి చెప్పిందీ, తాతయ్య చెవి చెప్పిందీ ఒకటే.

ఈ ఇంజను 1489 సి.సి. బ్రిటిషు వాళ్ళ బి-సిరీస్ ఇంజను. హెడ్డు పోత ఇనుముది, ఒక్కడు ఎత్తేది కాదు. ముందు రేడియేటర్ నీళ్ళు దించాలి. పైన రాకర్లను పట్టి ఉంచే నట్లలో కొన్ని హెడ్డుని పట్టి ఉంచేవి కూడా. అందుచేత రాకర్లే కదా అని ఒక మూల నుంచి విప్పుకుంటూ పోతే హెడ్డు వంగిపోతుంది. అన్నిటినీ కొంచెం కొంచెంగా వదులు చేసుకుంటూ రావాలి. ఎత్తి చూస్తే మూడు నాలుగు సిలిండర్ల మధ్య గాస్కెట్టు నల్లగా మాడి తెగిపోయి ఉంది.

హెడ్డు దించినప్పుడే చేయించుకోవలసిన పని ఒకటుంది. పూర్వం పెట్రోల్లో సీసం కలిపేవారు. అది వాల్వు కూర్చునే అంచు మీద పల్చటి పొరలా చేరి, దెబ్బ తగలకుండా కాపాడేది. మన దేశంలో 2000 సంవత్సరం ఫిబ్రవరి నుంచి సీసం పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. మనుషుల ఆరోగ్యానికి అది మంచిదే. కాని పోత ఇనుము హెడ్డులో ఎగ్జాస్టు వాల్వులు ఆ వేడికి, ఆ దెబ్బలకి సీట్లని కొద్ది కొద్దిగా తినేస్తూ లోపలికి దిగిపోతాయి. అందుకని లేతు షాపులో ఎగ్జాస్టు వాల్వులు నాలుగింటికీ గట్టి ఉక్కు సీట్లు కొట్టించాను, హెడ్డు చదును చూపించాను. వాల్వులు మాత్రం ఇంట్లోనే, గ్రైండింగ్ పేస్టు రాసి, రబ్బరు బొడిపె ఉన్న కర్రతో అరచేతుల మధ్య తిప్పుతూ కవ్వం చిలికినట్టు చిలికాను. వాల్వు చుట్టూ తెగిపోకుండా బూడిదరంగు వలయం వచ్చేదాకా తిప్పాలి. అమ్మ వచ్చి చూసి “మజ్జిగైనా వస్తుందా?” అంది.

తిరిగి బిగించేటప్పుడు నట్లు మధ్యలోంచి మొదలుపెట్టి చివరలకు పోవాలి, మూడు విడతలుగా. పుస్తకం ప్రకారం 40 పౌండ్-అడుగుల బిగింపు. టార్క్ రెంచి లేకుండా “నా చేతికి తెలుసు” అనే ధైర్యం మాత్రం పనికిరాదు.

ఇక టాపెట్ల సందు. 0.015 అంగుళం, అంటే సుమారు 0.38 మిల్లీమీటరు. దీనికొక చిట్కా ఉంది, పేరు తొమ్మిది లెక్క. వాల్వులు ముందు నుంచి వెనక్కి ఒకటి నుంచి ఎనిమిది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు ఒకటో దాని సందు సరిచెయ్యాలి. ఆరు తెరిస్తే మూడు, నాలుగు తెరిస్తే అయిదు, ఏడు తెరిస్తే రెండు. ఎప్పుడూ రెండంకెలూ కలిపితే తొమ్మిది రావాలి. తెరుచుకున్న వాల్వుకి ఎదురు జత పూర్తిగా మూసుకుని ఉంటుందన్నమాట. ఈ లెక్క నాకు తరగతిలో ఎవరూ చెప్పలేదు, మంచం మీంచి వచ్చింది.

మిగిలినవి చిల్లర పనులు. ప్లగ్గు సందు 0.025 అంగుళం, పాయింట్ల సందు 0.015 అంగుళం, ప్లగ్గు తీగల వరస 1-3-4-2. పెట్రోలు ట్యాంకు దించి, లోపల చిన్న గులకరాళ్ళు వేసి ఊపి ఊపి తుప్పు వదిలించాను. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపల నిండి ఉండేది ఆవిరి. దాని దగ్గరికి వెల్డింగుగాని, బీడీగాని రాకూడదు. అట్లాగే ఇప్పటి పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఎథనాల్ కలుస్తోంది. పాతకాలపు రబ్బరు గొట్టాలని, పంపులోని డయాఫ్రాన్ని అది మెత్తబరిచి పగలగొడుతుంది. అవన్నీ ఎథనాల్‌కి తట్టుకునేవి చూసి మార్చాను. ఎథనాల్ గాలిలోంచి తేమను కూడా పీలుస్తుంది గనక పెట్రోలు పోసి నెలల తరబడి బండిని వదిలెయ్యకూడదు.

2024 మార్చిలో ఒక ఆదివారం ఇంజను అంటుకుంది. పొగ సందు చివరిదాకా పోయింది. తాతయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. “ఆ, ఇప్పుడు నాలుగూ మాట్లాడుతున్నాయి” అన్నాడు. నాన్న గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. నాకు గర్వం వచ్చింది. ఆ గర్వమే తరవాతి అధ్యాయం.

బ్రేకులు: నేను చేసిన తప్పు

బ్రేకుల గురించి నేను ఎవర్నీ అడగలేదు. హైడ్రాలిక్స్‌లో నాకు మంచి మార్కులొచ్చాయి మరి! పెడలు నొక్కితే మాస్టర్ సిలిండర్లోని ద్రవం గొట్టాల వెంట నాలుగు చక్రాలకీ పోతుంది. అక్కడి చిన్న సిలిండర్లు బ్రేకు షూలని డ్రమ్ము లోపలి గోడకి ఒత్తుతాయి. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. ఆ చక్రాల సిలిండర్లలో ద్రవం బయటికి పోకుండా ఆపేవి చిన్న చిన్న రబ్బరు కప్పులు. నేను కొత్త కప్పులు తెచ్చి, దుమ్ముందని, పెట్రోల్లో శుభ్రంగా కడిగి బిగించాను. గాలి తీశాను. పెడలు గట్టిగా నిలబడింది.

నాలుగు రోజుల తరవాత సాయంత్రం, ఎవరూ లేరని చూసి, బండిని మా సందులోకి తీశాను. రిజిస్ట్రేషన్ గడువు తీరిన బండి. వీధిలోకి తియ్యకూడదు. తీశాను. మూడో ఇంటి ముందు ఒక పిల్లవాడు బంతి వెనకాల రోడ్డు మధ్యకి వచ్చాడు. బ్రేకు తొక్కాను. పెడలు నేలకి ఆనింది, బండి ఆగలేదు. మళ్ళీ తొక్కినా అంతే. ఒక చేత్తో హ్యాండ్‌బ్రేకు లాగుతూ, రెండో చేత్తో స్టీరింగు ఎడమకి తిప్పి, ఇల్లు కడుతున్న వాళ్ళు పోసిన ఇసుక గుట్టలోకి బండిని పోనిచ్చాను. ఆగింది. పిల్లవాడు బంతి తీసుకుని నావైపు చూసి నవ్వి వెళ్ళిపోయాడు. వాడికి ఏం జరిగిందో తెలియదు. నేను మాత్రం స్టీరింగు వదలడానికి చాలాసేపు పట్టింది.

ఎందుకు జరిగిందో ఇప్పుడు చెబుతాను, ఇదే ఈ వ్యాసంలో ముఖ్యమైన ముక్క. బ్రేకు రబ్బర్లు బ్రేకు ద్రవానికి తట్టుకునే జాతి రబ్బరుతో చేసినవి. పెట్రోలు, కిరసనాయిలు, ఇంజను ఆయిలు, గ్రీజు ఇవేవి తగిలినా ఆ రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, అంచు పట్టు వదిలేస్తుంది. మొదటి రోజు బాగానే ఉన్నట్టుంటుంది, అదే దానిలోని మోసం. వెనక కుడి చక్రంలో కప్పు అంచు మడతపడి ద్రవమంతా డ్రమ్ములోకి కారిపోయింది. పైగా మా బండిలో నాలుగు చక్రాలకీ కలిపి ద్రవం పోయే దారి ఒక్కటే. ఒక్కచోట కారితే నాలుగూ పోతాయి. ఇప్పటి కార్లలో రెండు దారులుంటాయి, ఒకటి పోయినా రెండోది మిగులుతుంది. హ్యాండ్‌బ్రేకు మాత్రం తీగతో వెనక చక్రాలకి విడిగా పోతుంది గనక ఆ రోజు పనిచేసింది. దాన్ని సరిచెయ్యడం బద్ధకించి ఉంటే, ఈ వ్యాసం రాసే పరిస్థితి నాకుండేది కాదు.

ఇంటికొచ్చి దాచాలనే అనుకున్నాను. కాని బంపరుకి ఇసుక. తాతయ్య “రబ్బర్లు దేంతో కడిగావు?” అని ఒక్క ప్రశ్న వేశాడు. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “నన్ను అడిగితే నీ చదువు తగ్గిపోతుందట్రా?” అన్నాడు. ఆ మాటకి నాకు ఇప్పటికీ జవాబు లేదు. ఆ రాత్రే కారు ఎందుకు కొన్నానో ఆయనకి చెప్పేశాను. ఏమీ అనలేదు. పొద్దున లేవగానే, “మాస్టర్ సిలిండరు కూడా విప్పు. అన్నీ కొత్తవి వెయ్యి. నా ముందర విప్పు” అన్నాడు.

రబ్బర్లన్నీ, ఉక్కు గొట్టాలన్నీ, చక్రాల దగ్గరి మెత్తటి గొట్టాలన్నీ కొత్తవి వేశాం. కడగడానికి బ్రేకు ద్రవమే వాడాలి. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండరుకి అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రం, అంటే వెనక ఎడమది, ముందు. దగ్గరిది చివర. ఒకరు పెడలు తొక్కి పట్టుకోవాలి, ఒకరు చక్రం దగ్గర స్క్రూ వదలాలి. గొట్టం చివర ద్రవం ఉన్న సీసాలో మునిగి ఉండాలి, బుడగలు ఆగేదాకా చెయ్యాలి. ఆ పెడలు తొక్కింది మా నాన్న. పిలవకుండానే వచ్చి సీట్లో కూర్చున్నాడు. తరవాత పది రోజులు బండి కదపకుండా, రోజూ పెడలు తొక్కి, నాలుగు చక్రాల కిందా కాగితాలు పరిచి చూశాను. ఒక్క చుక్క పడలేదు.

పెంకు, తీగలు, రంగు

సిల్లు పని నా చేతిలోది కాదు. టింకరింగు మేస్త్రీగారిని ఇంటికే పిలిపించాం. “ఏవండోయ్ ఇంజనీరు గారూ, పాత రేకు మీద కొత్త రేకు అతికించమంటారా, కోసి వెయ్యమంటారా?” అని అడిగారాయన. అతికిస్తే సగం ఖర్చు. కాని లోపలి తుప్పు లోపలే తింటూ ఉంటుంది, రెండేళ్ళలో మళ్ళీ మొదటికొస్తుంది. కోసి వెయ్యమన్నాను. కోసేముందు బండిని కిందినుంచి నాలుగుచోట్ల కొయ్య దిమ్మలతో ఎత్తిపట్టాలి. లేకపోతే పెంకు మధ్యలో వంగిపోతుంది, తరవాత తలుపులు పడవు. కోసే ముందూ, వెల్డింగు అయ్యాకా తలుపు వేసి సందులు చూసుకోవడమే పరీక్ష. వెల్డింగుకి ముందు బ్యాటరీ తీగలు ఊడదియ్యాలి, ట్యాంకు దించి దూరంగా పెట్టాలి. అతుకుల లోపల తుప్పు పట్టని రంగు, ఆపైన మైనం పట్టించాలి. కాకినాడ గాలిలో ఉప్పుంటుంది, ఊరుకుంటే ఊరుకోదు.

తీగల పని ఓపిక పని. పాత కారులో లైట్లు మసకగా వెలిగితే అందరూ బ్యాటరీని తిడతారు. చాలాసార్లు తప్పు బాడీకి తగిలించిన ఎర్తు తీగ దగ్గర ఉంటుంది. కరెంటు వెళ్ళే దారెంతో తిరిగొచ్చే దారీ అంతే. ఆ కొసలు విప్పి, ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగిస్తే సగం జబ్బులు పోతాయి. మీటరుతో చూస్తే ఇంజను ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ పన్నెండున్నర వోల్టులు, నడుస్తున్నప్పుడు పద్నాలుగు దగ్గర చూపించాలి.

రంగు చివర. చాలామంది మొదట రంగేయిస్తారు, తరవాత దాని మీదే పానాలు జారవిడుస్తారు. మేము తెల్ల రంగే వేయించాం. విడిభాగాలకు విజయవాడ ఆటోనగర్‌కి నాలుగుసార్లు తిరిగాను. అంబాసిడర్ ఆగిపోయి పదేళ్ళు దాటినా అక్కడ దాని ఎముకలు ఇంకా దొరుకుతున్నాయి. కొత్త డబ్బాలో ఉన్నదల్లా కొత్తది కాదని కూడా అక్కడే నేర్చుకున్నాను.

కాగితాలు, ఖర్చులు

కొనేముందే ఆర్.సి.లో ఉన్న ఛాసిస్, ఇంజను నంబర్లు బండి మీద ఉన్నవాటితో సరిపోతున్నాయో లేదో చూడాలి. సరిపోకపోతే ఎంత చవకైనా వదిలెయ్యండి. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. తనిఖీలో నెగ్గితే మరో అయిదేళ్ళకి ఇస్తారు. ఈ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకి పెరిగింది. నేను 2024 చివర కట్టింది అదే. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు. ఆలస్య రుసుము, గ్రీన్ టాక్సు, ఇన్సూరెన్సు వగైరా వేరే. 2021లో వచ్చిన వింటేజి నిబంధన యాభై ఏళ్ళు దాటిన వాహనాలకే గాని మా బండికి వర్తించదు.

ఖర్చు దాచకుండా రాస్తున్నాను. టింకరింగు, వెల్డింగు 22,000. రంగు 18,000. అయిదు టైర్లు 14,500. ఇంజను 9,400. బ్రేకులు 7,800. బ్యాటరీ 4,800. తీగలు, లైట్లు 3,200. చిల్లరమల్లర 5,300. వెరసి 85,000. కొన్న ధరతో కలిపి 1,20,000 రూపాయలు, కాగితాల ఖర్చు కాక. ఈ డబ్బుకి నడుస్తున్న సెకండ్ హ్యాండు కారు ఇంతకన్నా కొత్తది వచ్చేదే. కాబట్టి లాభం కోసమైతే ఈ పని చెయ్యకండి.

ఆఖరి మాట

2025 సంక్రాంతికి బయలుదేరాం. వెనక సీటు మడిచి, పరుపు పరిచి, అది జారకుండా నాలుగు వైపులా కట్టి, తాతయ్యని వెనక తలుపులోంచి పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే లోపలికి జరిపాం. పక్కన నాన్న కూర్చున్నాడు. నలభై కిలోమీటర్ల వేగం దాటలేదు. పిఠాపురం, గొల్లప్రోలు, కత్తిపూడి. వెనకనుంచి హారన్లు కొడుతూనే ఉన్నారు. కత్తిపూడి దాటాక నాకు ధైర్యం వచ్చి, “ఎట్లా ఉంది తాతయ్యా?” అని అడిగాను. “రెండో గేరు ఆలస్యంగా వేస్తున్నావు” అన్నాడు.

తోటలోకి బండి వెళ్ళేంత దారి ఉంది. వెనక తలుపు తీసి ఉంచాం. ఆయన దిగలేదు, దిగనక్కర్లేదు కూడా. పరుపు మీద పక్కకి ఒత్తిగిలి, చెట్ల వరసలు లెక్కపెట్టుకున్నాడు. రెండు చెట్లు పోయాయన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాం.

తాతయ్య ఈ ఏడు కూడా వెళ్తానంటున్నాడు. బండి మా వాకిట్లోనే ఉంది. ప్రతి ఆదివారం దాని చక్రాల కింద కాగితాలు పరిచి చూస్తాను, ఆయన మంచం మీంచి నన్ను చూస్తాడు. మిత్రులారా, పుస్తకంలో చదువుకున్నది తప్పని నేననటం లేదు. పుస్తకం తెరిచే ముందు ఇంట్లో అరుగు మీద ఎవరైనా పడుకుని ఉన్నారేమో ఒకసారి చూడండి, వాళ్ళని కూడా అడగండి. ముఖ్యంగా బ్రేకుల విషయంలో.